యతీముల వలీని ఎవరు ఎంచుకుంటారు?

మన ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. చిన్నపిల్లలున్న ఇంట్లో బాప్ ఇంతెఖాల్ అయితే, చాలీస్వాఁ దాటకముందే పెద్దలంతా ఒకచోట కూర్చుంటారు. తాయా, చాచా, మామూ, మొహల్లాలో మాట చెల్లే ఇద్దరు ముగ్గురు బుజుర్గులు, వీలైతే మస్జిద్ ఇమాం సాబ్. ఇద్దత్‌లో ఉన్న తల్లి పర్దా వెనక నుంచి వింటూ ఉంటుంది. అక్కడ తేలాల్సిన మస్లా ఒక్కటే. ఈ పిల్లలకు ఇక వలీ ఎవరు? తాయా ఐదు పూటల నమాజీ, కానీ ఆయన నెత్తి మీదే అప్పులున్నాయి అని ఒకరంటారు. చాచాకు దుకాణం ఉంది గానీ చేతిలో పైసా ఆగదని ఇంకొకరు. గంటలకొద్దీ బహస్ నడుస్తుంది. ఎవరూ విసుక్కోరు. ఎందుకంటే వలీ తప్పుగా కుదిరితే పిల్లల బతుకు తప్పుతుందని అందరికీ తెలుసు.

ఒక ఇంటి ముగ్గురు పిల్లల కోసం ఇంత ఆలోచించే మనం, రాష్ట్రంలోని పిల్లలందరికీ వలీ లాంటి ఉహ్దాలో ఎవరు కూర్చుంటున్నారో, వాళ్లను అక్కడ ఎవరు కూర్చోబెడుతున్నారో ఎప్పుడైనా అడిగామా? రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ అనే సంస్థ ఆంధ్రప్రదేశ్‌కు ఉంది, తెలంగాణకు ఉంది, దేశంలో మిగతా రాష్ట్రాలకూ ఉంది. దాని చైర్మన్ లేదా చైర్‌పర్సన్ ఎంపిక ఎలా జరుగుతుంది అన్నదే ఈ మజ్మూన్. దీని వెనక వందేళ్లకు పైబడిన తారీఖ్ ఉంది. ఆ తారీఖ్‌లో మనకు పనికొచ్చే సబక్ కూడా ఉంది.

మన దీన్ చెప్పిన కొలతలు

ముందు మన ఇంటి నుంచే మొదలుపెడదాం. సూరె నిసా మొదటి ఆయతుల్లోనే యతీముల మాల్ గురించి హిదాయత్ ఉంది. పిల్లలు పెద్దవాళ్లై సమఝ్ వచ్చాక వాళ్ల ఆస్తి వాళ్లకు అప్పగించాలి. అప్పగించేటప్పుడు గవాహీ పెట్టుకోవాలి. వలీ కలిగినవాడైతే ఆ మాల్ నుంచి ఏమీ తీసుకోకూడదు. లేనివాడైతే దస్తూర్ ప్రకారం, హద్దులో తీసుకోవచ్చు. అంటే వలీ ఎంత మంచివాడైనా సాక్షుల ముందు హిసాబ్ చెప్పక తప్పదు.

రెండోది అబూజర్ గిఫారీ (రజి) సంగతి. సహాబాల్లో ఆయనంతటి ముత్తఖీ, ఆయనంతటి సచ్చా మనిషి అరుదు. అలాంటి ఆయనకు ప్రవక్త (స) చేసిన నసీహత్ సహీహ్ ముస్లింలో నమోదై ఉంది. ఈ విషయంలో నువ్వు కమ్‌జోర్‌గా కనిపిస్తున్నావు, ఇద్దరి మీదైనా అమీర్‌గా ఉండవద్దు, యతీం మాల్‌కు జిమ్మేదార్‌గా ఉండవద్దు అన్నది దాని సారాంశం. ఆలోచించండి. ఈమాన్‌లో లోటు లేదు, అఖ్లాఖ్‌లో లోటు లేదు. అయినా ఆ పనికి కావాల్సిన సలాహియత్ వేరే ఉంటుందని, అది లేనివాడు నేకీపరుడైనా ఆ కుర్చీకి దూరంగా ఉండాలని తేల్చి చెప్పారు.

మూడోది ఫిఖ్‌హ్. హనఫీ ఫిఖ్‌హ్‌లో నాబాలిగ్ ఆస్తికి ఎవరు జిమ్మేదార్ అన్నదానికి ఒక వరస ఉంది. ముందు తండ్రి, తర్వాత తండ్రి నియమించిన వసీ, ఆ తర్వాత దాదా, దాదా నియమించిన వసీ. వీళ్లెవరూ లేకపోతే ఖాజీ, లేదా ఖాజీ నిలబెట్టిన మనిషి. వసీ ఖియానత్ చేస్తే అతన్ని తప్పించే ఇఖ్తియార్ కూడా ఖాజీదే. వసీ మీద కన్ను వేసేవాడు వసీకి చుట్టమో నౌకరో కాడు. అతను వేరే, స్వతంత్రుడు.

సలాహియత్, గవాహీ, స్వతంత్రమైన నిఘా. ఈ మూడు కొలతలూ చేతిలో పట్టుకుని ముందుకు వెళదాం.

జాగీర్ ఉన్న పిల్లలు, జాగీర్ లేని పిల్లలు

నిజాం హుకూమత్‌లో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అనే మహకమా ఉండేది. జాగీర్దారో సంస్థానాధీశుడో చనిపోయి వారసుడు నాబాలిగ్ అయితే, ఆ జాగీర్ ఇంతెజామ్‌ను ఈ మహకమా తన చేతిలోకి తీసుకునేది. బ్రిటిష్ ఇలాఖాలోనూ ఇదే పేరుతో ఇదే పద్ధతి. పేరుకు పిల్లల సంరక్షణ, అసలు చూపు మాత్రం భూమి మీద, వసూళ్ల మీద. జాగీర్ ఉన్న పిల్లవాడికి సర్కారే వలీ. జాగీర్ లేని పిల్లవాడికి యతీంఖానా. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో విక్టోరియా రాణి యాద్‌గార్‌గా సరూర్‌నగర్‌లో వచ్చిన అనాథాశ్రమం, నాంపల్లిలోని అనీసుల్ గుర్బా మన పెద్దలకు బాగా తెలిసిన పేర్లు. ఇలాంటి చోట్ల జిమ్మేదారీ ఎవరికివ్వాలో తేల్చేది హుకూమత్, లేదంటే వక్ఫ్ చేసినవారు రాసిపెట్టిన వక్ఫ్‌నామా.

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడ 1920లో మద్రాస్ చిల్డ్రన్ యాక్ట్ వచ్చింది. దేశంలో వచ్చిన మొదటి చిల్డ్రన్ యాక్ట్ అదే. తర్వాత 1922లో బెంగాల్, 1924లో బొంబాయి అదే దారి పట్టాయి. జుర్మ్ చేసిన పిల్లల్ని పెద్ద ఖైదీలతో కలిపి జైల్లో పెట్టకూడదు, వాళ్ల కోసం వేరే కోర్టు, వేరే స్కూల్ ఉండాలన్నది దాని ఉద్దేశం.

స్వరాజ్యం వచ్చాక 1960లో కేంద్ర పాలిత ప్రాంతాల కోసం చిల్డ్రన్ యాక్ట్ చేశారు. 1986లో దేశమంతటికీ జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది. దిక్కులేని పిల్లల ఫైస్‌లా చేయడానికి జువెనైల్ వెల్ఫేర్ బోర్డులు పెట్టమంది. ఆ బోర్డుల్లో ఎవరు కూర్చోవాలి? రాష్ట్ర సర్కారుకు ఎవరు తగినవారనిపిస్తే వాళ్లు. ఒక్కరైనా మహిళ ఉండాలి అన్న షరతు తప్ప చట్టం పెద్దగా పట్టించుకోలేదు. పిల్లల బతుకు తేల్చే కుర్చీకి మనిషిని ఎలా ఎంచాలి అన్న సవాల్ అప్పటికింకా మన ఖానూన్‌లోకి రాలేదన్నమాట.

చికాగో నుంచి ఒక సబక్

ఈ సవాల్ మనకంటే ముందు అమెరికాలో పుట్టింది. పిల్లలకు వేరే కోర్టు ఉండాలన్న ఖయాల్ మొదట రూపం తీసుకున్నదీ అక్కడే. 1899లో ఇల్లినాయ్ రాష్ట్రం చికాగోలో ప్రపంచంలోనే మొదటి బాలల కోర్టు పెట్టింది. దాని కోసం పాటుపడిన వాళ్లలో జూలియా లాత్రప్ ఒకరు.

ఆమెను 1893లో ఇల్లినాయ్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ రాష్ట్ర ధర్మసంస్థల బోర్డులో సభ్యురాలిగా వేశారు. ఆ రాష్ట్రంలో 102 కౌంటీలున్నాయి. ప్రతి కౌంటీలోనూ గరీబులను, పిచ్చివాళ్లను, దిక్కులేని పిల్లల్ని ఒకే కప్పు కింద కుక్కేసిన ఆశ్రమాలుండేవి. ఆమె ఆఫీసులో కూర్చుని రిపోర్టులు చదవలేదు. ఊరూరా తిరిగి తన కళ్లతో చూసింది. చూశాక ఆమెకు ఒక సంగతి బోధపడింది. ఆశ్రమాలు చెడిపోవడానికి పైసల కొరత ఒక్కటే సబబ్ కాదు. వాటిని నడిపేవాళ్లు పార్టీ మనుషులు. ఎన్నికల్లో పనిచేసినందుకు ఇనామ్‌గా కొలువు పొందినవాళ్లు. గవర్నర్ మారితే వీళ్లూ మారతారు. పిల్లల గురించి ఏదో కొంత నేర్చుకునే వేళకు ఇంటికి పోతారు.

ఈ పద్ధతి మార్చమని ఆమె అడుగుతూ వచ్చింది. మారలేదు. 1901లో ఎహ్తెజాజ్‌గా బోర్డుకు ఇస్తీఫా ఇచ్చేసింది. కుర్చీ పట్టుకుని కూర్చుంటే కొద్దో గొప్పో మంచి చేయగలను కదా అని సర్దుకుపోలేదు.

పదకొండేళ్ల తర్వాత, 1912లో, అమెరికా కేంద్ర హుకూమత్ పిల్లల కోసం చిల్డ్రన్స్ బ్యూరో పెట్టింది. అధ్యక్షుడు టాఫ్ట్ దానికి సదర్‌గా లాత్రప్‌ను ఎంచుకున్నాడు. అమెరికాలో ఒక కేంద్ర బ్యూరోకు పెద్దగా వచ్చిన మొదటి మహిళ ఆమె. టాఫ్ట్ రిపబ్లికన్. మరుసటేడు వచ్చిన విల్సన్ డెమోక్రాట్. పార్టీ మారింది, ఆమె మాత్రం మారలేదు. 1921లో తను తప్పుకున్నప్పుడు, అదే పనిలో తర్ఫీదైన గ్రేస్ అబ్బాట్ ఆ చోటుకు వచ్చింది. పనిని చూసి మనిషిని ఎంచితే హుకూమత్‌లు మారినా ఇదారా నిలుస్తుందనడానికి ఇది ఒక మిసాల్.

అంతమాత్రాన అమెరికాలో ఈ మస్లా తీరిపోలేదు. ఇవాళ్టికీ అక్కడ చాలా రాష్ట్రాల్లో పిల్లల సంక్షేమ శాఖ పెద్దను గవర్నరే వేస్తాడు. కొన్నిచోట్ల సెనేట్ మంజూరీ కావాలి. గవర్నర్ పోతే చాలాసార్లు ఆ పెద్దా పోతాడు. లాత్రప్ లేవనెత్తిన సవాల్ అక్కడా జిందాగానే ఉంది.

2005 చట్టం, మొదటి చైర్‌పర్సన్

బాలల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 1989లో వచ్చింది. 1992లో హిందూస్తాన్ దాన్ని ఒప్పుకుంది. దాని వల్ల వచ్చినదే బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ల చట్టం, 2005. ఢిల్లీలో జాతీయ కమిషన్, రాష్ట్రాల్లో రాష్ట్ర కమిషన్లు. 2007 మార్చిలో జాతీయ కమిషన్ పని మొదలుపెట్టింది.

దానికి మొదటి చైర్‌పర్సన్ మన తెలుగు నేల మనిషి, ప్రొఫెసర్ శాంతా సిన్హా. నెల్లూరులో పుట్టారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. తాత మామిడిపూడి వెంకటరంగయ్య పేరున ఉన్న ఎం.వి. ఫౌండేషన్ ద్వారా రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతాలకు కుదిరిన పిల్లల్ని, పత్తి చేలల్లో పనిచేసే ఆడపిల్లల్ని బడి బాట పట్టించారు. బడికి వెళ్లని ప్రతి పిల్లవాడూ బాల కార్మికుడే అన్నది ఆ సంస్థ ఉసూల్. 2003లో ఆమెకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. వరసగా రెండుసార్లు ఆ ఉహ్దాలో ఉండి 2013లో దిగిపోయారు. ఈ కుర్చీకి ఎలాంటి మనిషి కావాలి అని ఎవరైనా అడిగితే, జవాబు ఎక్కడో వెతకనక్కర్లేదు. ముందు పని, తర్వాత పదవి. ఆమె విషయంలో వరస అలా నడిచింది.

చట్టం కూడా కాగితం మీద అదే చెబుతుంది. రాష్ట్ర కమిషన్‌లో ఒక చైర్‌పర్సన్, ఆరుగురు మెంబర్లు. చైర్‌పర్సన్ పేరున్న మనిషై, పిల్లల భలాయీ కోసం గొప్ప పని చేసి ఉండాలి. మెంబర్లలో కనీసం ఇద్దరు మహిళలు. తాలీం, పిల్లల ఆరోగ్యం, జువెనైల్ జస్టిస్, బాల కార్మికుల విముక్తి, పిల్లల మనస్తత్వం, పిల్లల చట్టాలు వంటి రంగాల్లో అనుభవం కావాలి. పదవీకాలం మూడేళ్లు. రెండు దఫాలకు మించి ఉండకూడదు. చైర్‌పర్సన్‌కు 65 ఏళ్లు, మెంబర్‌కు 60 ఏళ్లు వయసు హద్దు.

ఇఖ్తియారాలూ చిన్నవి కావు. సివిల్ కోర్టులా మనిషిని పిలిపించవచ్చు, కాగితాలు తెప్పించవచ్చు. ఎవరి ఫిర్యాదూ లేకుండానే తనంతట తాను కేసు తీసుకోవచ్చు. హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. విద్యా హక్కు చట్టం, లైంగిక దాడుల నుంచి పిల్లల్ని కాపాడే పోక్సో చట్టం సరిగా అమలవుతున్నాయా అని చూసే జిమ్మేదారీ కూడా దీనిదే. సజా వేసే తాకత్ మాత్రం లేదు, సిఫారిష్ చేస్తుంది. అందుకే ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మాటకు వజన్ ఉందా లేదా అన్నదే అంతా. శిక్ష వేయలేని ఇదారాకు ఉన్న బలం దాని పెద్దకున్న నిజాయితీయే.

గిరహ్ ఎక్కడుంది?

ఇక అసలు సంగతి. ఆ చైర్‌పర్సన్‌ను ఎంచేది ఎవరు? రాష్ట్ర సర్కారు వేసే ముగ్గురు సభ్యుల కమిటీ. దానికి సదర్ ఎవరు? పిల్లల వ్యవహారాలు చూసే శాఖ మంత్రి. ఆ కమిటీ సిఫారిష్ కూడా చైర్‌పర్సన్‌కే తప్పనిసరి. మిగతా ఆరుగురు మెంబర్ల విషయంలో చట్టం ఆ మాట కూడా అనలేదు.

కమిషన్ పని ఏమిటి? సర్కారీ హాస్టల్‌లో పిల్లలు కలుషితమైన అన్నం తిని ఆసుపత్రి పాలైతే సర్కారును అడగడం. బాలసదన్‌లో ఆడపిల్ల మీద జుల్మ్ జరిగితే మహిళా శిశు సంక్షేమ శాఖను నిలదీయడం. అంగన్‌వాడీలో గుడ్లు ఎందుకు అందలేదని జవాబ్ తలబ్ చేయడం. ఎవరిని నిలదీయాలో ఆ శాఖ మంత్రే నిలదీసే మనిషిని ఎంచుతాడు. దుకాణం హిసాబ్ చూసే మున్షీని దుకాణదారే తన చుట్టాల్లోంచి తెచ్చుకున్నట్టు.

ఇదే దేశంలో, ఇదే రాష్ట్రంలో ఇంకో రెండు మిసాల్లు చూడండి.

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉంది. దాని చైర్‌పర్సన్‌ను సూచించే కమిటీలో ముఖ్యమంత్రి, అసెంబ్లీ స్పీకర్, హోంమంత్రితో పాటు ప్రతిపక్ష నాయకుడు కూడా ఉంటాడు. శాసనమండలి ఉన్న రాష్ట్రాల్లో మండలి చైర్మన్, అక్కడి ప్రతిపక్ష నాయకుడు కూడా కూర్చోవాలి. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ మండలి ఉంది. అంటే కనీసం ఒక ఎదుటి గొంతు, ఒక గవాహ్ ఆ గదిలో ఉంటాడు.

రెండోది మన జిల్లాల్లో ఉండే బాలల సంక్షేమ సమితి. దీన్ని ఇంగ్లిషు పొడి అక్షరాల్లో సీడబ్ల్యూసీ అంటారు. దిక్కులేని పిల్లవాణ్ని ఎక్కడ ఉంచాలి, ఎవరికి అప్పగించాలి అని తేల్చేది ఈ సమితే. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. మెజిస్ట్రేట్‌తో సమానమైన ఇఖ్తియార్. 1986 నాటి బోర్డుల స్థానంలో 2000 చట్టం ఈ సమితుల్ని తెచ్చింది. 2015 చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమాల ప్రకారం వీళ్లను ఎంచే కమిటీకి హైకోర్టు రిటైర్డ్ జడ్జి సదర్. ఆ జడ్జిని కూడా హైకోర్టు చీఫ్ జస్టిస్‌తో మష్వరా చేసి వేయాలి. కమిటీలో శాఖ అధికారి, స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు, యూనివర్సిటీల నుంచి ఇద్దరు. ఆ సంస్థల వాళ్లు సొంతంగా పిల్లల ఆశ్రమం నడిపేవాళ్లు కాకూడదని కూడా షరతు. ఏడో కుర్చీ రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ ప్రతినిధిది.

ఇక్కడ ఉన్న వింత చూడండి. జిల్లా స్థాయి సమితిని ఎంచడానికి రిటైర్డ్ జడ్జి కావాలి. రాష్ట్రం మొత్తాన్నీ చూసే కమిషన్ పెద్దను ఎంచడానికి మంత్రి చాలు. పైగా మంత్రి ఎంచిన కమిషన్ మనిషి వెళ్లి జడ్జి గారి కమిటీలో కూర్చుంటాడు. చిన్న తలుపుకు తాళం పెట్టి పెద్ద దర్వాజా తెరిచి ఉంచినట్టుంది మన ఖానూన్.

నేను పేపర్లో పనిచేస్తాను కాబట్టి ఒక మాట చెప్పగలను. కొత్త సర్కారు వచ్చిన ఏడాదిలోగా నామినేటెడ్ పదవుల జాబితాలు బయటికి వస్తాయి. ఏ కార్పొరేషన్ ఎవరికి, ఏ జిల్లాకు ఎన్ని, ఏ కులానికి ఎన్ని, టికెట్ రాని ఫలానా నాయకుడికి ఏం దక్కింది అని మేం రాస్తాం. బాలల హక్కుల కమిషన్‌ను కూడా ఆ లెక్కలోనే కలిపేస్తాం. కొత్త చైర్‌పర్సన్‌కు శాలువాలు కప్పిన ఫోటో వస్తుంది. పిల్లల కోసం ఆ మనిషి ఇంతకు ముందు ఏం చేశారు అన్న సవాల్ వార్తలో ఉండదు. రాజకీయాల నుంచి వచ్చినవాళ్లంతా పనికిరారని నేననను. పిల్లల కోసం ప్రాణం పెట్టిన రాజకీయ నాయకులు ఉండవచ్చు. అయితే అబూజర్ (రజి) విషయంలో చూసిన కొలత ఇక్కడ ఎవరికీ గుర్తు రాదు అన్నదే నా బాధ.

ఇంకో జబ్బు ఖాళీ కుర్చీలు. పదవీకాలం అయిపోయినా కొత్తవాళ్లను వేయకుండా వదిలేయడం. సంపూర్ణా బెహురా కేసులో 2018 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే పట్టుకుంది. జాతీయ, రాష్ట్ర కమిషన్లలో అన్ని పదవులనూ సకాలంలో నింపాలని, తగినంత స్టాఫ్ ఇవ్వాలని హుక్మ్ ఇచ్చింది. ఆ కేసు దాఖలైంది 2005లో. తీర్పు వచ్చే నాటికి, కేసు వేసినప్పుడు పుట్టిన పిల్లలు ఏడో తరగతి ఈడుకు వచ్చారు.

మన ఖౌమ్‌కు ఇందులో ఏముంది?

చాలా ఉంది. రెండు వైపులా ఉంది.

ఒకవైపు 2024లో జరిగింది చూడండి. విద్యా హక్కు చట్టం పేరు చెప్పి మదరసాల గుర్తింపు మీద, వాటికిచ్చే సర్కారీ పైసల మీద జాతీయ కమిషన్ రాష్ట్రాలకు లేఖలు రాసింది. మదరసాలకు, వేద పాఠశాలలకు ఆ చట్టం వర్తించదని 2012లో సవరణ చేసి స్పష్టంగా రాసిపెట్టినా సరే. జమీయతె ఉలమాయె హింద్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్టోబర్ 21న కోర్టు ఆ లేఖల అమలును నిలిపేసింది. శాంతా సిన్హా కూర్చున్న కుర్చీ నుంచే ఈ లేఖలూ వచ్చాయి. చట్టం అదే, ఇదారా అదే. మనిషి మారితే, ఆ మనిషిని ఎంచే చెయ్యి మారితే, చూపు ఎంత మారిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండో వైపు మనం మాట్లాడటానికి ఇష్టపడనిది. మన మదరసాల్లో ఎక్కడైనా పిల్లవాడి వీపు మీద ఛడీ వాతలు తేలితే, మన యతీంఖానాలో ఎక్కడైనా పిల్లలకు సరిగా తిండి లేకపోతే, ఆ పిల్లవాడు ఎవరి దగ్గరికి వెళ్లాలి? పాతబస్తీలో పైసలకు ఆశపడి లేత వయసు ఆడపిల్లల్ని ముసలి అరబ్బులకు నికాహ్ పేరుతో కట్టబెట్టిన రోజులు మనకు తెలుసు. ఆ నికాహ్‌లు చదివిన ఖాజీలూ మనవాళ్లే. ఆ పిల్లలకు గట్టి వలీ దొరకలేదు. ఇంట్లోవాళ్లే అమ్మకానికి పెట్టినప్పుడు బయటి నుంచి ఒక నిజాయితీ గల చెయ్యి కావాలి. కమిషన్ అనేదే వద్దని మనం అనలేం. మనకు కావాల్సింది మన పిల్లవాణ్ని ముందు పిల్లవాడిగా చూసే కమిషన్. మదరసాలో దెబ్బలు తిన్నా, కాన్వెంట్‌లో తిన్నా, గురుకులంలో తిన్నా ఒకే దర్ద్‌తో అడిగే మనిషి.

అలాంటి మనిషి దువా చేస్తే ఆకాశం నుంచి దిగడు. ఎంపిక సరిగా జరిగితేనే వస్తాడు.

మన చేతిలో ఉన్నవి

మొదటిది దరఖాస్తు. ఈ పదవుల కోసం, జిల్లాల్లో బాలల సంక్షేమ సమితి సభ్యుల కోసం సర్కారు నోటిఫికేషన్లు ఇస్తుంది. సమితికైతే లా, సోషల్ వర్క్, సైకాలజీ లాంటి డిగ్రీతో పాటు పిల్లల విద్య, ఆరోగ్యం, సంక్షేమ రంగంలో ఏడేళ్ల అనుభవం ఉన్నవాళ్లు, లేదా అలాంటి డిగ్రీతో ప్రాక్టీస్ చేసేవాళ్లు అర్హులు. ముప్పై ఐదు దాటి ఉండాలి. మనలో టీచర్లున్నారు, వకీళ్లున్నారు, డాక్టర్లున్నారు. మన ఆడబిడ్డల్లో సోషల్ వర్క్ చదివినవాళ్లు ఎందరో. అయినా నోటిఫికేషన్ వచ్చి వెళ్లిపోతుంది, మనకు ఖబర్ ఉండదు.

కొందరు దీన్‌దార్ దోస్తులు ఒక సందేహం అడుగుతారు. ఉహ్దాను అడిగి తీసుకోవడం ప్రవక్త (స) నచ్చని పని కదా అని. నిజమే, ఉహ్దా మీద లాలచ్ ఉన్నవాడికి దాన్ని ఇవ్వమని హదీసులో ఉంది. కానీ అదే దీన్‌లో యూసుఫ్ అలైహిస్సలాం ఖిస్సా కూడా ఉంది. మిస్ర్ బాద్‌షా ముందు ఆయన ఖజానా జిమ్మేదారీ తనంతట తానే అడిగారు. అడిగేటప్పుడు తన ఖాన్‌దాన్ గొప్ప చెప్పుకోలేదు. కాపాడగలను, ఆ పని తెలుసు అన్న రెండు ఖూబీలే చెప్పారు. కరువు రాబోతోంది, తెలిసినవాడు మౌనంగా కూర్చుంటే జనం ఆకలితో పోతారు. అక్కడ అడగడం ఖిద్మత్. కుర్చీ కోసం అడగడం వేరు, పిల్లల కోసం అడగడం వేరు.

రెండోది గవాహీ. ఎంపిక అయ్యాక అడిగే హక్ మనకుంది. సమాచార హక్కు చట్టం కింద సాదా కాగితం మీద అడగవచ్చు. కమిటీలో ఎవరు కూర్చున్నారు? ఎన్ని దరఖాస్తులు వచ్చాయి? ఎంపికైన వారి అనుభవం ఏమని రాసుకున్నారు? ఇవి అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే చాలు, తర్వాతిసారి కలం పట్టే చెయ్యి కొంచెం ఆగుతుంది.

మూడోది అసెంబ్లీ. రాష్ట్ర కమిషన్ ఏటా నివేదిక ఇవ్వాలి. దానిపై తను ఏం చర్య తీసుకుందో రాసి, సర్కారు ఆ నివేదికను శాసనసభ ముందు పెట్టాలి. ఇది చట్టంలో ఉన్న మాట. మన వోట్లతో గెలిచిన ఎమ్మెల్యేలున్నారు. ఇఫ్తార్ దావత్‌కు పిలిచినప్పుడు టోపీ పెట్టుకుని వస్తారు. ఈసారి వచ్చినప్పుడు షీర్ ఖుర్మా గిన్నె చేతికిస్తూ ఒక్క మాట అడగండి. సాబ్, పిల్లల కమిషన్ రిపోర్ట్ సభలో పెట్టారా? దాని పెద్దను ఎంచే కమిటీలో ప్రతిపక్షం వాళ్లు, ఒక రిటైర్డ్ జడ్జి ఎందుకు లేరు? చట్టం మార్చమని మీరెప్పుడైనా మాట్లాడారా?

మన పెద్దలు ఒక ఇంటి యతీముల కోసం గంటలకొద్దీ బహస్ చేసి, పది మందిని గవాహీగా నిలబెట్టి, అప్పుడు వలీ చేతికి తాళాలిచ్చేవారు. రాష్ట్రం పిల్లల తాళాలు ఇప్పుడు ఒక చిన్న గదిలో, గవాహ్ లేకుండా చేతులు మారుతున్నాయి. ఆ గదిలో ఇంకొక కుర్చీ వేయమని అడగడం మన హక్. మన ఫర్జ్ కూడా.